గాబరాతో పీణ్య దాకా

మొదటిసారి అది కంపెనీ బస్సులో వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద, రోజూలాగే, బస్సు కదలకుండా నిలబడి ఉంది. నేను కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాను. చెడ్డ వార్తేమీ రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఉన్నట్టుండి గుండె గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అరచేతులు తడిసిపోయాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది తప్ప లోపలికి దిగడం లేదు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. పక్క సీట్లో అతను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేనిక్కడే పోతాను కాబోలు, ఆఫీసు దగ్గర దిగేదాకా ఇతనికి తెలియను కూడా తెలియదు అనుకున్నాను.

డ్రైవరు దగ్గరికి వెళ్ళి, వాంతి వచ్చేలా ఉందని చెప్పి దిగిపోయాను. గుండె దడగా ఉందని చెప్పడం కన్నా అది తేలిక. మగవాడికి వాంతి రావచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆటోలో దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్ళాను. ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు. నాకన్నా బాగా చిన్నవాడైన డాక్టరు కాగితాలు చూసి, "అంతా నార్మల్ సర్. స్ట్రెస్ ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"అబ్బే, ఏం లేదండీ" అన్నాను.

"నిద్ర పడుతోందా?"

"బ్రహ్మాండంగా."

అతను గ్యాస్‌కి మాత్రలు రాసిచ్చాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో గ్యాస్ అనే చెప్పాను. తను ఆ రోజు నుంచి ఇంట్లో శనగపప్పు, బఠాణీలు, బంగాళాదుంప వేపుడు మానేసింది. పొద్దున్నే జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చేది. నేను తాగేవాణ్ణి.

మాది ఒంగోలు వైపు. పెళ్ళికి ముందే బెంగళూరు వచ్చి ఇన్సూరెన్సు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో చేరాను. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాను. ఉద్యోగం బాగానే ఉంది, ఇల్లు బాగానే ఉంది. అందుకే నాకు అంతు చిక్కలేదు. కష్టాల్లో ఉన్నవాడికి గుండె దడ వస్తే అర్థం ఉంది. స్కోరు చూసుకుంటున్నవాడికి ఎందుకు రావాలి?

అది మళ్ళీ వచ్చింది. సిల్క్ బోర్డు ఫ్లైఓవర్ మీద వచ్చింది. 'ఫ్రీ అయినప్పుడు ఒకసారి కాల్ చెయ్' అని మేనేజరు మెసేజ్ పెట్టినప్పుడు వచ్చింది. ఇంతకన్నా విచిత్రం, మంగలి షాపులో వచ్చింది. మెడకు గుడ్డ కట్టి, కత్తెర తీసి, తల కొంచెం వంచమన్నాడు, అంతే. ఆ గుడ్డతోనే లేచిపోదామనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

భయం తగ్గాక మాత్రం నాలో ఏదో కుతూహలం మొదలయ్యేది. కంపెనీ బస్సుకీ, మంగలి గుడ్డకీ సంబంధం ఏమిటి? స్కూటర్ మీద వెళ్ళేటప్పుడు అదే రోడ్డు, అదే ట్రాఫిక్, అయినా ఎందుకు రాదు? చాలా రోజులు ఆలోచించాక ఒక సంగతి తోచింది. అనుకున్న క్షణంలో లేచి వెళ్ళిపోవడానికి వీల్లేని చోటల్లా అది వస్తోంది. స్కూటర్ని ఎక్కడైనా పక్కన ఆపవచ్చు. మెడకు గుడ్డ ఉన్నవాడు వీధిలోకి వెళ్ళలేడు. ఈ సంగతి కనిపెట్టినందుకు ఆ రోజు ఎంత సంతోషం వేసిందంటే, ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు.

మా క్యాంటీన్లో మగవాళ్ళం బీపీ గురించి, షుగర్ గురించి, కొలెస్ట్రాల్ గురించి స్కోర్లు చెప్పుకున్నట్టే చెప్పుకుంటాం. ఎవరికి ఎంత, ఎవరు ఏ మాత్ర వేసుకుంటారు, అంతా బహిరంగమే. ఇది మాత్రం ఆ జాబితాలో చేరదు. మీటింగులో బల్ల కింద మోకాలు ఆడించే అతన్ని చూసేవాణ్ణి. లిఫ్ట్ బటన్ నొక్కిందే నొక్కే అతన్ని చూసేవాణ్ణి. వీళ్ళకీ వస్తుందా, వస్తే ఎలా వస్తుంది, అడిగితే ఏమనుకుంటారు? ఎవర్నీ అడగలేదు. కంపెనీ బస్సు మానేసి స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఫ్లైఓవర్ ఎక్కకుండా కింది సందుల్లోంచి వెళ్ళేవాణ్ణి. అడిగిన వాళ్ళకు పెట్రోలు కలిసొస్తుందని చెప్పాను. కంపెనీ బస్సు ఉచితమైనప్పుడు ఆ లెక్క కుదరదని ఎవరూ పట్టించుకోలేదు.

మారతహళ్ళిలో మేం అద్దెకున్నది రెండో అంతస్తులో. కింద ఇంటి ఓనరు, ఆయన భార్య ఉంటారు. ఆయన తాతలనాడే హిందూపురం వైపు నుంచి బెంగళూరు వచ్చేశారట. తెలుగులోనే మాట్లాడతారు గాని, మాటల్లో సగం కన్నడం కలిసిపోయి ఉంటుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరి ఆ చివర ఫ్యాక్టరీలుండే పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేత్ మెషీన్ మీద పనిచేశారు. రిటైరయ్యాక భార్య పుట్టింటివాళ్ళిచ్చిన స్థలంలో ఈ ఇల్లు కట్టుకున్నారు. నేను ఆయన్ని అంకుల్ అంటాను, ఆయన నన్ను అప్పా అంటారు.

ఆయన కాళ్ళు నడిచినంత మేరే వెళ్తారు. పాలు, కూరగాయలు, మా వీధి చివరి గుడి. ఆటో ఎక్కగా ఎవరూ చూడలేదు. మోకాళ్ళ నొప్పులని ఆంటీ అందరికీ చెప్పేది. కాని నీళ్ళ ట్యాంకు చూడటానికి రోజుకు నాలుగైదుసార్లు మేడ మెట్లు ఎక్కి దిగుతారు, అదీ కుర్రాడిలా. ఇదేం మోకాళ్ళ నొప్పో అని నాకు అప్పుడప్పుడు అనిపించేది.

ఒక రోజు ఇంట్లోంచి పని చేస్తున్నాను. మధ్యాహ్నం మేనేజరు దగ్గర్నుంచి మళ్ళీ అదే మెసేజ్ వచ్చింది. గుండె మొదలుపెట్టింది. మా ఆవిడ పక్క గదిలో తన ఆఫీసు కాల్‌లో ఉంది. తను చూడకూడదని మెల్లగా తలుపు తీసి, బయట మెట్ల మీద కూర్చున్నాను. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాను.

పై నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఓనరు ట్యాంకు చూసి దిగుతున్నారు. నన్ను చూసి ఆగారు. ఏమైంది అని అడుగుతారని, గ్యాస్ అని చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఆయన నా పైమెట్టు మీద కూర్చుని, "చేతులు తిమ్మిరి పట్టినాయా అప్పా?" అన్నారు.

నేను తలెత్తి చూశాను. "మీకెలా తెలుసు అంకుల్?"

"అట్ల ముడుచుకోని కూర్చుండావు కదా. నేనూ అట్లే కూర్చుంటా." ఆయన గొంతు తగ్గించారు. "నీకి ఛాతీలో మొదలైతాదా, కడుపులోనా?"

"ఛాతీలో."

"అట్లనా!" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నాకి కడుపులోనుంచి లేస్తాది. అందరికీ కడుపులోనే అనుకుంటి."

నేను ఆఫీసు, మేనేజరు, అన్నీ మరిచిపోయాను. "ఊపిరి అందదా మీకు?"

"ఊపిరి బాగానే ఉంటాది. నాలిక ఎండిపోతాది. కాళ్ళు నావి కాదన్నట్టు ఐతాయి. నీకి కాళ్ళు?"

"కాళ్ళు బాగానే ఉంటాయి. పరిగెత్తాలనిపిస్తుంది."

"నాకి కూలబడాలనిపిస్తాది" అన్నారాయన.

ఇద్దరు మనుషులు ఒకే ఊరికి వేర్వేరు దారుల్లో వెళ్ళొచ్చినట్టు అలా మాట్లాడుకున్నాం. ఆయనకు మొదటిసారి వచ్చింది పీణ్య నుంచి వచ్చే బస్సులోనేనట, గొరగుంటెపాళ్య దగ్గర ట్రాఫిక్‌లో. మర్నాడు బస్సెక్కబోతే కాళ్ళు కదల్లేదు. కొన్నాళ్ళు ఆటోలో వెళ్ళారు, తరవాత ఆటోలోనూ వచ్చింది. అంతలో రిటైరయ్యారు. ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేకపోయింది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

"మరి మోకాళ్ళు?"

"మోకాళ్ళకేమప్పా, గుండ్రాళ్ళ మాదిరి ఉండాయి. ఆమెకు ఏమని చెప్పేది? మగోడు, ఇంత వయసు వచ్చింది, బస్సుకు గాబరి ఐతాది అంటే బాగుంటాదా? మోకాలు అని చెప్తి. నువ్వేం చెప్పినావు ఇంట్లో?"

"గ్యాస్."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. నాకూ నవ్వొచ్చింది. గుండె ఎప్పుడు నెమ్మదించిందో నేను గమనించలేదు. తలుపు తీసి మా ఆవిడ బయటికి చూసింది. మెట్ల మీద ఇద్దరు మగవాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతుంటే కాసేపు నిలబడి లోపలికి వెళ్ళింది.

ఆ తరవాత ఎప్పుడు ఎదురుపడినా మాకు ఇదే మాట. ఈ రోజు వచ్చిందా, ఎక్కడ వచ్చింది, ఎంతసేపుంది. ఆయనకు తెలియనివి నాకూ తెలియవు. ఒకసారి నిమ్మకాయ వాసన చూస్తే తగ్గుతుందని ఆయన చెప్పారు. నేను జేబులో నిమ్మకాయ పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. నాకేమీ తగ్గలేదు, జేబు మాత్రం జిడ్డయింది. ఐసు ముక్క పట్టుకుంటే మంచిదని నేను చెప్పాను. ఆయన పట్టుకుని, "చెయ్యి మంచు పట్టింది, గాబరి అట్లే ఉండాది" అన్నారు.

దసరా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం ఆయన నన్ను కిందికి పిలిచారు. పీణ్యలో ఆయన పనిచేసిన వర్క్‌షాపు ఆయన స్నేహితుడిదే. ఇద్దరూ ఒకే లేత్ మీద పని నేర్చుకున్నారు. తరవాత స్నేహితుడు సొంత షెడ్డు పెట్టుకుంటే ఈయన అందులో చేరారు. ఆయుధపూజకు రమ్మని ఆ స్నేహితుడు ప్రతి ఏడాదీ ఫోన్ చేస్తాడు. ఈయన ప్రతి ఏడాదీ మోకాళ్ళంటారు.

"ఈ తూరి కొత్త మెషీను తెచ్చిండాడంట. కంప్యూటర్‌తో నడిచేది. సొంతంగా టూలు మార్చుకుంటాదంట అప్పా! మనిషి చెయ్యి పెట్టేదే లేదంట." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "అది ఎట్ల మారుస్తాదో చూడల్ల. ఫోటో పంపించినాడు, ఫోటోలో ఏమీ తెలీలే."

"వెళ్దాం పదండి అంకుల్" అన్నాను. అనేశాక నాకే భయం వేసింది.

ఎలా వెళ్ళాలన్నది పెద్ద చర్చ అయింది. స్కూటర్ వద్దు, ఊరి ఆ చివరికి అంత దూరం ఆయన కూర్చోలేరు. కారు వద్దు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇద్దరికీ ఒకేసారి వస్తుంది. మెట్రో అన్నాను. తలుపులు మూసుకుపోతాయి కదా అన్నారాయన.

"మూసుకుంటాయి. ప్రతి స్టేషన్లో తెరుచుకుంటాయి కూడా."

"ఎంతసేపటికి తెరుస్తారు?"

"రెండు మూడు నిమిషాలకోసారి."

ఆయన ఆలోచించారు. "అంత సేపు తట్టుకోవచ్చు."

ఇద్దరం కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎవరు ఎక్కడ దిగుదామన్నా రెండోవాడు మారు మాట్లాడకుండా దిగాలి. లోపల ఏం జరుగుతుంటే అది పైకి చెప్పేయాలి, దాచకూడదు.

ఆయుధపూజ రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో నీళ్ళ సీసాతో గేటు దగ్గర నిలబడ్డారు. ఆంటీ నమ్మలేనట్టు చూస్తోంది. "మోకాలు నొప్పి లేస్తే ఎట్ల? సుమ్నే, ఊరికే పోయి ఏంటికి కష్టపడేది?" అంది. "స్టేషన్ దాకానే కదా" అని ఆయన ఆటో ఎక్కారు.

కుందలహళ్ళి స్టేషన్లో రైలెక్కాం. సెలవు కాబట్టి పెళ్ళాం పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఎక్కువ. బంతిపూల దండల సంచులు, బూడిద గుమ్మడికాయలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మాకు సీట్లు దొరికాయి. తలుపులు మూసుకున్నాయి. ఆయన నిలువు కడ్డీని పట్టుకున్నారు.

"ఎలా ఉంది అంకుల్?"

"వచ్చింది. కడుపులో కూర్చుండాది. ఇంకా పైకి లేవలే. నీకి?"

"నాకింకా రాలేదు."

ఎదురు సీట్లో ఒకావిడ మా ఇద్దరినీ వింతగా చూసింది. ఎవరైనా వస్తున్నారేమో అనుకుని ఉంటుంది.

కె.ఆర్.పురంలో జనం తోసుకుంటూ ఎక్కారు. నా ముందు మనుషుల గోడ నిలబడింది. అప్పుడు వచ్చింది నాకు. "అంకుల్, మొదలైంది" అన్నాను. "చేతులు వణుకుతున్నాయి."

ఆయన నా కుడి చెయ్యి అందుకుని, తన కళ్ళద్దాలు పైకి జరుపుకుని, దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "వణకతా లేదే" అన్నారు.

"బాగా వణుకుతోంది అంకుల్."

"నీకి లోపల వణకతా ఉండొచ్చు. బయట ఏమీ లేదు. మొగం కూడా బాగానే ఉండాది. సుమ్నే కూర్చున్నట్టే ఉండావు."

నా చెయ్యి నేను చూసుకున్నాను. నిజమే, కదలడం లేదు. ఇన్నాళ్ళూ బస్సులోనూ, మంగలి షాపులోనూ, మీటింగుల్లోనూ నా వణుకు అందరికీ కనపడుతోందని, నన్ను చూసి ఏదో అనుకుంటున్నారనే సగం భయపడ్డాను. ఆయన వైపు చూశాను. నాలుక ఎండిపోతుందని, కాళ్ళు తనవి కావన్నట్టవుతాయని మెట్ల మీద చెప్పిన ఆ మనిషి కూడా, చూసేవాళ్ళకు, పండగ పూట చుట్టాలింటికి వెళ్తున్న పెద్దాయనలాగే ఉన్నారు. ఆ పెట్టెలో ఉన్న మగవాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాను. ఎవరి లోపల ఏం జరుగుతోందో ఒక్కరి ముఖంలోనూ తెలియడం లేదు. అదే ఆలోచిస్తుండగా ఇందిరానగర్ దాటిపోయింది. నా దడ కూడా ఎప్పుడో తగ్గిపోయింది.

ఎం.జి.రోడ్డు స్టేషన్ వస్తుండగా ఆయన అడిగారు. "దీని తర్వాత భూమి లోపలికి పోతాదంట కదా?"

"అవును. మెజెస్టిక్ దాకా లోపలే."

"దిగుదాం అప్పా."

దిగాం. ప్లాట్‌ఫాం మీద బల్ల మీద కూర్చున్నాం. ఆయన చెమట తుడుచుకుని నీళ్ళు తాగారు. ఒక రైలు వచ్చి వెళ్ళింది. ఇంకొకటి వచ్చి వెళ్ళింది. "ఇంటికి పోదాం" అని ఆయన అంటే వెనక్కి వెళ్ళడమే, ఒప్పందం అది. ఆయన ఇంకా ఆ మాట అనలేదు. నాకు తెలుసుకోవాలని ఉంది, అడిగేశాను.

"లోపలికెళ్తే ఏమవుతుందనుకుంటున్నారు అంకుల్?"

ఆయన పట్టాల వైపు చూశారు. "అరుస్తానేమో అని."

"ఎప్పుడైనా అరిచారా?"

"లే. ఒగసారి కూడా లే."

"అరిస్తే ఏమవుతుంది?"

"అందరూ చూస్తారు."

"చూస్తే?"

"చూస్తే..." ఆయన దాని గురించి ఇంతవరకూ ఆలోచించినట్టు లేదు. "చూస్తే ఏమైతాది? ముసలోనికి ఏమో అయిందని నీళ్ళిస్తారు. అంతలోకి స్టేషన్ వస్తాది." కొంచెం నవ్వారు. లేచి నిలబడి చొక్కా సర్దుకున్నారు. "పా. అరిస్తే అరిస్తాను. నువ్వు నాకి తెలిసినోడు కాదన్నట్టు ఉండు."

సొరంగంలోకి వెళ్ళగానే కిటికీలు నల్లబడి అందులో మా ముఖాలే కనిపించాయి. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. లేత్ మీద పనిచేసిన చెయ్యి, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. రేడియోలో మ్యాచ్ చెప్పేవాడిలా ఆగకుండా చెబుతూనే ఉన్నారు. "లేచిందప్పా. గొంతు దగ్గరికి వచ్చింది. ఈడే ఉండాది. ఇంకా ఉండాది. పోలే. కాళ్ళు పోయినాయి. ఉండాది... స్వల్ప దిగింది. లే, మళ్ళీ లేచింది... ఆఁ, దిగతా ఉండాది."

ఆయన అరవలేదు. మెజెస్టిక్‌లో జనం మధ్య పడి పీణ్య వైపు వెళ్ళే ఆకుపచ్చ లైను దాకా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకునే నడిచాం. రెండో రైలెక్కాక కాసేపటికే అది వెలుతురులోకి వచ్చింది. మేడల మీద ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, ఫ్యాక్టరీల రేకుల కప్పులు కనిపించాయి. ఆయన నా చెయ్యి వదిలి పొట్ట తడుముకున్నారు.

"పోయిందప్పా!" అన్నారు. "నేనేమీ చెయ్యలే. నిమ్మకాయ కూడా తీయలే. అదే పోయింది. యాడికి పోయింది?"

నాకూ తెలియదన్నాను.

పీణ్యలో ఆ రోజు మెషీన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ప్రతి షెడ్డు ముందూ అరటి పిలకలు, లారీలకు పూలదండలు. స్నేహితుడి వర్క్‌షాపు ఒక సందు చివర ఉంది. గుమ్మంలో నిలబడి కుంకుమ కలుపుతున్న స్నేహితుడు మమ్మల్ని చూసి, గిన్నె కింద పెట్టేసి ఎదురొచ్చాడు.

"ఏరా, మోకాళ్ళు బాగైనాయా?"

ఓనరు నా వైపు ఒకసారి చూశారు. తరవాత స్నేహితుడి వైపు తిరిగి, "మోకాళ్ళు ఎప్పుడూ బాగానే ఉండాయిరా" అన్నారు. "బస్సెక్కితే నాకి గాబరి. గుండె, కడుపు అంతా ఏమేమో ఐతాది. అందుకే ఇన్నేండ్లు రాలే. చెప్పేకి నాకి నామోషీ."

స్నేహితుడు నవ్వుతాడేమోనని నాకు భయం వేసింది. ఆయన నవ్వలేదు. "అంతేనా?" అన్నాడు. "నా మీద కోపమనుకుంటినే. నేను ఓనరైతి, నువ్వు నా కింద పనిచేస్తివి, అది మనసులో పెట్టుకున్నావు అనుకుంటి. ప్రతి ఏడూ ఫోన్ పెట్టేసినాక అదే ఆలోచన చేస్తా ఉంటి."

"థూ, నీ మీద నాకేం కోపంరా!"

స్నేహితుడు ఆయన భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్ళాడు. నేను బయట చెప్పులు విప్పుతూ, మోకాళ్ళ నొప్పి అన్న ఒక్క చిన్న మాట ఇన్నేళ్ళు ఇంకో ఇంట్లో ఏం పని చేసిందో అనుకున్నాను.

కొత్త మెషీను గదంత ఉంది. అద్దం తలుపు, పక్కన తెర, మీద పసుపు కుంకుమ బొట్లు, చేమంతుల దండ. పూజ అయ్యాక స్నేహితుడు దాన్ని ఒకసారి నడిపి చూపించాడు. ఓనరు అద్దానికి ముక్కు ఆనించి చూశారు. లోపల ఒక చక్రం గిర్రున తిరిగి, ఒక టూలు వెనక్కి వెళ్ళి ఇంకోటి ముందుకొచ్చింది. "ఇంకోసారి మార్చు" అన్నారు. మళ్ళీ మార్చాడు. "ఇంకోసారి." ఎన్నిసార్లు మార్పించారో. దానికి ఏ టూలు ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది, మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తుంది, తప్పు టూలు పట్టుకుంటే ఎవరు ఆపుతారు, ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు. స్నేహితుడికి కొన్నిటికి జవాబులు తెలియలేదు. "నేను కొన్నా అంతే, నాకేం తెలుసు" అని నవ్వాడు.

గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టే పని మా ఓనరుకే ఇచ్చారు. ఒక్క దెబ్బకు పగిలింది. చిత్రాన్నం, పెసరపప్పు కోసంబరి, బొరుగులు, మిఠాయి పెట్టారు. స్నేహితుడు కారులో దింపుతానంటే, "వద్దురా, కారంటే గాబరి. రైలు అలవాటైంది" అన్నారు. ఒక్కపూటలో అలవాటైందట.

తిరుగు ప్రయాణంలో రైలు నిండా జనం. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడి ఏదో ఆలోచనలో ఉన్నారు. ఈసారి దిగుదామన్నది నేను. ఇందిరానగర్‌లో దిగి, కిందికొచ్చి, కొబ్బరి బొండాలు తాగాం. అక్కడ ఆయన మామూలుగా అడిగారు.

"ఇది ఏమి జబ్బని డాక్టరును అడిగినావా అప్పా?"

"లేదు."

"ఏంటికి? నువ్వు చదువుకున్నోడివి కదా."

"మీరడిగారా?"

"నేనూ అడగలే" అన్నారు. ఇద్దరం బొండాల్లోని లేత కొబ్బరి గీక్కుని తిన్నాం.

మిక్సీ కొనాలంటే రెండు రోజులు రివ్యూలు చదివే మనిషిని నేను. దీని పేరేమిటో మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ ఆదివారం ముందుగా మా ఆవిడకు చెప్పాను. బస్సు, మంగలి షాపు, ఫ్లైఓవర్, మెట్లు, పీణ్య, అన్నీ. తను చేతిలో ఫోన్ పక్కన పెట్టి విన్నది.

"గ్యాస్ కాదని నాకు తెలుసు" అంది చివరికి. "ఇంకెవరైనా ఉన్నారేమో అని కూడా ఒకసారి అనుకున్నా. ఫోన్ మోగితే మొహం మారిపోయేది నీకు."

"మరి అడగలేదే?"

"అడిగితే గ్యాస్ అంటావు కదా." వంటింటి వైపు చూసింది. తరవాత ఒక్కసారిగా కోపం వచ్చింది. "అయితే ఇంతకాలం శనగపప్పు ఎందుకు మానేశాం? నాకెంత ఇష్టమో తెలుసా?"

మర్నాడు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఈమె మా వీధి దగ్గరి క్లినిక్‌లో కూర్చునే పెద్దావిడ. నిద్ర పట్టడం లేదని, దడ వస్తోందని, ఎక్కడెక్కడ వస్తుందో అన్నీ చెప్పాను. ఆవిడ పాత రిపోర్టులు చూసి, థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించి, ఇది ఆందోళన వల్ల వచ్చేదని, దానికి పేరుందని, చాలామందికి వస్తుందని, అందులో మగవాళ్ళు డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వస్తారని చెప్పింది. ప్రమాదం లేనప్పుడు కూడా ఒళ్ళు ప్రమాద గంట మోగిస్తుందట. మెట్ల మీద ఓనరుతో మాట్లాడిన సంగతే ఆవిడను అడిగాను, కొందరికి ఛాతీలో, కొందరికి కడుపులో ఎందుకు మొదలవుతుందని. ఆవిడ పెన్ను కింద పెట్టి, ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదంది. మనిషి మనిషికీ తేడా ఉంటుంది, ఎందుకో నాకూ సరిగ్గా తెలియదంది. ఆ మాట నాకు నచ్చింది. ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపింది.

కొన్ని నెలలు ఆ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. ఊపిరి లోపలికి పీల్చడం కన్నా బయటికి వదలడం నెమ్మదిగా చేయమని నేర్పాడు. తప్పించుకు తిరిగే చోట్లకే కొద్దికొద్దిగా వెళ్ళమన్నాడు. మళ్ళీ కంపెనీ బస్సు ఎక్కుతున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు వస్తుంది. వచ్చినప్పుడు ఈసారి ఎక్కడ మొదలైందో చూద్దామని లోపలికి చూస్తాను. ఒక్కోసారి చూసేలోపే పోతుంది. ఒక్కోసారి పోదు, ఆఫీసు దాకా నాతోనే వస్తుంది. మేనేజరు మెసేజ్ పెడితే మాత్రం వెంటనే ఫోన్ చేస్తాను. కాచుకుని కూర్చోవడం దానికన్నా కష్టమని తేలింది.

డాక్టరు సంగతి చెబితే ఓనరు మొదట, "నువ్వు పోయి ఎట్లుంటాదో చూసి చెప్పు, తర్వాత నేను పోతా" అన్నారు. నేను వెళ్ళొచ్చి చెప్పాను. ఇంకొన్నాళ్ళకు ఆయన ఆంటీని వెంటబెట్టుకుని వెళ్ళారు. మోకాళ్ళ సంగతి ఆంటీకి ఎలా చెప్పారో, ఆవిడ ఏమందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆటో అంటే ఇప్పటికీ ఇష్టం లేదు. మెట్రోకి మాత్రం ఒక కార్డు తీసుకున్నారు.

మొన్న శనివారం పొద్దున ఫోన్ చేశారు. వెనక రోడ్డు చప్పుడు, ఎవరో కన్నడంలో పూల ధర చెబుతున్న కేక.

"అప్పా, నేను శ్రీరాంపురలో ఉండా."

నాకు కంగారు పుట్టింది. "ఏమైంది అంకుల్? దిగిపోయారా? గాబరానా?"

"గాబరి లేదప్పా. రైల్లోనుంచి చూస్తే కింద ఒగ వీధి కనపడింది, అంతా పాత ఇండ్లు. ఆడ ఏముండాదో చూద్దామని దిగినా." ఆయన గొంతులో తొందర వినిపించింది. "ఈడ ఒగాయన పాత గడియారాలు విప్పి పెట్టుకోని కూర్చుండాడు. చూడాల్సిందే. నీకి పని లేకపోతే రాకూడదా?"

మా ఆవిడ ఎవరని సైగ చేసింది. చెప్పాను. "నేనూ వస్తా" అని చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టింది.